పేరాలో నిలబడ్డ ఆవిడ

తెలుగులో తప్పినోళ్లని మీరెక్కడైనా చూసేరా? నేను తప్పేను, పదో తరగతి క్వార్టర్లీలో. లెక్కల్లో పాసు, ఇంగ్లీషులో పాసు, పుట్టిన దగ్గర్నుంచి వాగుతున్న భాషలో ఫెయిలు! గజపతినగరంలో మాది కిరాణా కొట్టు. నాన్న మార్కుల కార్డు అటూ ఇటూ తిప్పి, "పబ్లిక్‌లో కూడా ఇలగే అయితే సదువు మానిపించేస్తాను. కొట్లో కూకుని పొట్లాలు కట్టు" అన్నాడు. నాన్న మాటంటే మాటే.

నన్ను ముంచింది అలంకారాలు కాదు. వాటిని మా తెలుగు మేష్టారు మా ఇళ్లల్లోంచే లాగేవారు. "మీ నాన్న నిన్నేటని తిడతాడే?" అనడిగేరోసారి. "గానుగెద్దులాగ ఒక్కచోటే తిరుగుతావేటి అంటాడండి" అన్నాను. "అదే ఉపమాలంకారం! ఇంకోటి సెప్పు." "నీకు లక్షసార్లు సెప్పేను అంటాడండి." "అతిశయోక్తి! మీ నాన్నుండగా నీకు గైడెందుకే?" క్లాసంతా గొల్లుమంది. ఆ పీరియడు ఎంత బాగుండేదో!

ముంచింది అపరిచిత గద్యం. పుస్తకంలో లేని పేరా ఒకటిస్తారు, చదివి కింద ప్రశ్నలకి జవాబులు రాయాలి. క్వార్టర్లీలో ఇచ్చిన పేరాలో బడి నుంచి కూతురింకా రాలేదని ఒక తల్లి వానజల్లు కొడుతున్నా గుమ్మంలోనే నిలబడింది. 'తల్లి గుమ్మంలో ఎందుకు నిలబడింది?' అని మొదటి ప్రశ్న. మా అమ్మ ఆ ఎండాకాలంలోనే జ్వరంతో పోయింది. 'గుమ్మంలో ఎవరూ లేరు' అని రాసేను. మిగతా ప్రశ్నలు ముట్టుకోలేదు.

పేపర్లిచ్చేటప్పుడు మేష్టారు నా జవాబు పైకి చదివేసేరు. "ఒసే, పేరా సదవమంటే మీ ఇంటి గుమ్మం సూసి రాసేవేటే?" అందరూ నవ్వేరు. నా పక్క పిల్ల ఒక్కతే లేచి, "ఆళ్లమ్మ లేదండి" అంది. మేష్టారు నా పేపరు మడిచి తెచ్చి నా చేతిలో పెట్టేరు.

ఇంటర్వెల్లో నన్ను వరండాలోకి పిలిచేరు. "సున్నా మార్చనమ్మా. పేరాలో అమ్మ ఉన్నాది. లేదని రాస్తే తప్పే." నాకు ఒళ్లు మండిపోయింది. "మీకేటండి, ఎన్నైనా సెప్తారు" అన్నాను ఏడుస్తూనే. ఆయన కోప్పడలేదు. "సదివినంతసేపూ ఉంటాది కదే. బేగి బేగి దాటెయ్యకు. ఆవిడ దగ్గర కాసేపు నిలబడు, అప్పుడు రాయి" అన్నారు.

అప్పట్నుంచి రోజూ ఒక పేరా ఇచ్చేవారు. నేను ఎంత మెల్లగా చదివేదాన్నంటే, "ఒక్క పేరాకి పీరియడంతానా తల్లీ!" అని ఆయనే నెత్తి కొట్టుకునేవారు. పబ్లిక్‌లో పాసయ్యేను. నాన్న కొట్టుకొచ్చినోళ్లందరికీ పటికబెల్లం పంచిపెట్టేడు.

ఇప్పుడు కోటబొమ్మాళి దగ్గర ఒక హైస్కూల్లో నేనే తెలుగు టీచర్ని. మేష్టారు లేరు, తలుచుకోని రోజూ లేదు. యూనిట్ టెస్టుకి కావలసిన పేరాలు ఫోన్లో బోలెడు దొరుకుతాయి, అయినా నేను సొంతంగానే రాసుకుంటాను. సంత గురించి రాసినా, జీడితోట గురించి రాసినా, ఎక్కడో ఒకచోట గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడుతుంది. ఆ సంగతి నాకే తెలీలేదు. మొన్న వెనకబెంచీ గుంట కనిపెట్టింది.

"మేడమ్, మీ పేరాల్లో ఆవిడ ఎప్పుడూ నిలబడే ఉంటాదేటండి? ఓలమ్మ, కాళ్లు పీకవా? ఓ పీటెయ్యండి పాపం!"

క్లాసంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వేను. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాను.

ఈసారి టెస్టు పేరాలో గుమ్మం పక్కన పీట వేసేను. ఆవిడ కూర్చుంది. బడి నుంచొచ్చిన కూతురు సంచీ దించి ఆవిడ పక్కనే కూర్చుంది. కింద ప్రశ్నలు రాయాలి. ఇంకాసేపు ఆవిడ దగ్గరుండి రాస్తాను.