ఎవరూ కూర్చోని సీటు

మా ఆయన పోయిన మరుసటి ఏడు, మిట్టమధ్యాహ్నం, పాల్వంచలో భద్రాచలం బస్సెక్కాను. ముగ్గురు పట్టే సీటులో కిటికీ పక్కన ఒక కోడలు, ఈ చివర ఆమె అత్త, మధ్యన ఖాళీ. కూర్చోబోయాను. బొట్టు లేని నా ముఖం చూసి అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు, ఆడ మా పాప ఉన్నది. మొగుణ్ని మింగినవు, ఇగ పసిదాని మీద కూసుంటవా?”

చూస్తే అక్కడ ఎవరూ లేరు. అత్త కునుకు తీశాక కోడలు మెల్లగా చెప్పింది.

“ఇద్దరు పిల్లలు చాలని నిరుడు దవాఖానాల కడుపు తీయించుకున్న, పెద్దమ్మా. ఆ రాత్రి మంచిగనే నిద్రపోయిన. గా బిడ్డ నా ఎంట తిరుగుతున్నదని ఈమె రోజూ దానికి అన్నం పెడ్తది, పక్కేస్తది. నాకు గాలి పట్టిందని మంత్రగాని కాడికి తీస్కపోతున్నది.”

“నీకు కనపడ్తదా బిడ్డా?”

“ఉంటే కద పెద్దమ్మా, కనపడనీకి!” అని నవ్వింది.

బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర అత్త ముందు దిగింది. కోడలు లేచి, కాళ్లు దగ్గరికి తీసుకుని కిటికీకి ఆనుకుంది. మధ్యలోంచి చిన్నపిల్ల ఎవరో దిగి ముందు నడిచిపోయేంత సేపు ఆగి, అప్పుడు దిగింది.

సీటంతా ఖాళీ అయింది. కూర్చోమని కండక్టర్ అన్నాడు. నేను భద్రాచలం దాకా నిలబడే పోయాను.