సారు చదివిన పర్మిషన్లు

మా కంప్యూటర్ సారు పోయారని మొన్న పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. మధ్యాహ్నం జొహర్ నమాజు తర్వాత జడ్చర్లలోనే మట్టి చేస్తారట. ఫోన్ పెట్టేశాక నాకు ముందు ఏడుపు రాలేదు, దడ వచ్చింది. ఇక నేను రాసింది ఎవరు చదువుతారన్న దడ. నేను మొదటి నుంచీ పిరికిదాన్నే.

తొంభైల చివర, అక్కడే బస్టాండు ఎదురుగా విత్తనాల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని ఆయన జావా నేర్పేవారు. ఆరుగురికి ఒకటే కంప్యూటర్. ఫైళ్ల భద్రత పాఠమంటే ఆయనకు మహా ఇష్టం.

"జావాల ఉన్న కాపలా పెట్టి నడిపితే ప్రోగ్రాముకు ఏ ఫైలు ముట్టే హక్కు ఉండదు. పాలసీ ఫైల్ల మనం రాసిస్తెనే ఉంటది. చదువుడు, రాసుడు, నడుపుడు, తీసేసుడు, దేనికదే సెపరేటు. పెండ్లిల వంటాయనకు బియ్యం అర్ర తాళం ఇస్తం, బీరువ తాళం ఇస్తమా?" అనేవారు.

పాలసీలో ఫోల్డరు పేరు చివర నక్షత్రం గుర్తు పెడితే అందులో ఉన్న ఫైళ్ల వరకే అనుమతి. అడ్డగీత పెడితే లోపలి ఫోల్డర్లకూ, వాటి లోపలి వాటికీ అన్నిటికీ.

ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పాలసీ రాసినవాళ్లు దాన్ని నడపకూడదు. ఇంకొకరు గట్టిగా చదివి, ప్రతి వరుసకూ "ఇది ఎందుకు?" అని అడిగి, అప్పుడు నడపాలి. "రాసినోళ్ల కండ్లకు రాసింది కనవడదు" అనేవారు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

నాకు దొరికిన మొదటి పని మహబూబ్‌నగర్‌లో ఒక దవాఖానది. రిపోర్టుల ఫోల్డరులో పేరుకున్న చెత్త ఫైళ్లను తీసేసే ప్రోగ్రాము. పేషెంట్ల రిపోర్టులు అందులోనే, ఒక్కొక్కరి పేరున విడి ఫోల్డర్లలో ఉండేవి. నక్షత్రం పెట్టిన నా పాలసీని సారు చదివే పంపారు. తీరా డాక్టరు పక్కన నిలబడి చూస్తుండగా ప్రోగ్రాము మొరాయించింది. తీసేయడానికి అనుమతి లేదని తెర మీద పడింది. ఈ పని పోతే బాపు కంప్యూటర్ చదువు మాన్పిస్తాడు. నక్షత్రం చెరిపి అడ్డగీత పెట్టాను, ఎవరికీ చదివి వినిపించలేదు. ఈసారి ఆగకుండా నడిచింది. నా ప్రోగ్రామే తప్పుదారిన పేషెంట్ల ఫోల్డర్లలోకి పోతోందనీ, కాపలా అందుకే ఆపిందనీ తెలిసేసరికి రిపోర్టులన్నీ పోయాయి.

కబురు అందగానే సారు బస్సెక్కి వచ్చారు. నన్ను తిట్టలేదు. డాక్టరుతో, "నేను చదవకుండ పంపిన. తప్పు నాది" అన్నారు. ఆ అబద్ధం తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. కాగితం రిజిస్టర్లు చూసి మూడు రోజులు అన్నీ మళ్లీ ఎక్కించాం. నేను చదివేదాన్ని, ఆయన రెండు వేళ్లతో టైపు కొట్టేవారు. ప్రతి పేరు దగ్గరా, ఇది దొరక్కపోతే ఎట్లా అని నాకు ఒకటే బెంగ. అదృష్టం, అన్నీ దొరికాయి.

చివరి రోజు ప్రోగ్రాములో తప్పు దిద్దించి, పాలసీ మళ్లీ రాయమన్నారు. నేను చదివే హక్కు ఒక్కటే ఇచ్చాను.

"తీసేసే పనికి తీసేసుడు ఇయ్యకపోతే ఎట్ల బిడ్డా?"

"భయమైతాంది సార్."

"గప్పుడు భయంతోనే అంత ఇచ్చినవ్. గిప్పుడు భయంతోనే అంత బంద్ చేస్తున్నవ్. ఎంత గావాల్నో గంతే ఇయ్యి."

నక్షత్రం పెట్టి, తీసేసే హక్కు కూడా రాశాను. ఆయన ప్రతి వరుసా గట్టిగా చదివి, ఎందుకని అడిగి, ఎంటర్ నొక్కారు. ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ తెర వైపు చూడలేదు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, నా ముఖంలో భయం పోయేదాకా నన్నే చూస్తూ కూర్చున్నారు.