బిందెలో పడ్డ మొహం: యూ టీ నుంచి జురాంగ్ వెస్ట్ దాకా ఒక శనివారం

సింగపూర్ చూడ్డానికి వచ్చేవాళ్లు సింహం తల, చేప తోక ఉన్న విగ్రహం ముందు నిలబడి ఫొటో దిగి వెళ్తారు. అక్కడికి ఏ రైలెక్కాలో, ఎక్కడ దిగాలో చెప్పే టపాలు బోలెడున్నాయి, వాటిని చదువుకోండి. నేను మొన్న శనివారం తిరిగింది ఒక మనిషి మొహం కోసం. యూ టీలో బయల్దేరి, సాయంత్రం నాలుగులోపు జురాంగ్ వెస్ట్‌లో పనివాళ్లుండే ఒక డార్మిటరీ గేటు దగ్గర ఆ మొహాన్ని అప్పజెప్పాలి. మీకెవరికీ ఇలాంటి ప్రయాణం పడకూడదు. పడితే మాత్రం దారి తెలిసుండాలి కదా అని రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఈ ఊళ్లో తెలుగువాడు కనిపిస్తే పేరు తర్వాత అడిగే ప్రశ్న "జావానా, మెయిన్‌ఫ్రేమా?" అని. నేను వినయంగా "కుండలండీ" అంటాను. యూ టీలో మా ఫ్లాట్‌లో నలుగురం ఉంటాం. ముగ్గురు ప్రోగ్రాములు రాసి ప్రపంచాన్ని నడిపిస్తున్నారు. నేను మ్యూజియం వాళ్ల ఇమేజింగ్ విభాగంలో డిజిటల్ ఫొటోగ్రాఫర్ని. పాత కుండలు, పళ్లేలు, దీపపు కుందులు, ఎవరిదో తెలియని చెప్పులజత, అన్నింటినీ బూడిదరంగు తెర ముందు పెట్టి, పక్కన కొలబద్ద పెట్టి ఫొటో తీసి, కంప్యూటర్లో శుభ్రం చేసి భద్రపరుస్తాను. మా విభాగంలో ధర్మశాస్త్రం ఒకటే: బొమ్మలో వస్తువు తప్ప మనిషి ఉండకూడదు. వేలు పడినా, నీడ పడినా తుడిచెయ్యాలి. రెండేళ్లుగా నేను తుడిచిన వేళ్లు దాదాపు అన్నీ దాలయ్యవే.

దాలయ్యది పలాస దగ్గర పల్లెటూరు. బరువులు మోసే కాంట్రాక్టరు తరఫున వర్క్ పర్మిట్ మీద మా దగ్గర పనిచేసేవాడు. వస్తువులు ఎత్తిపెట్టడం, తెర సర్దడం, లైటుకి తెల్ల అట్ట అడ్డం పట్టడం అతని పని. నాకన్నా పదేళ్లు పెద్ద. అయినా నన్ను "బాబూ" అనేవాడు, నేను పేరు పెట్టి "నువ్వు" అనేవాణ్ణి. డిగ్రీతో పాటు ఆ హక్కు కూడా ఇచ్చారని నా అభిప్రాయం కాబోలు.

ప్రతి కొత్త వస్తువుకీ ముందు వెలుతురు సరిచూడ్డానికి ఒక పరీక్ష ఫొటో తీస్తాం. వస్తువు పెట్టబోయే చోట దాలయ్య నిలబడి, రంగుల గళ్లున్న కార్డు పట్టుకునేవాడు. "ఇంకా పైకెత్తు దాలయ్యా, నీ మొహం పడితే కెమెరా రిపేరుకి పంపాలి" అనేవాణ్ణి. రెండేళ్లలో ఈ జోకు కొన్ని వందలసార్లు వేసుంటాను. కార్డు మొహానికి అడ్డం వచ్చేది. వెనక నవ్వుతున్నాడని కార్డు ఊగడాన్నిబట్టి తెలిసేది.

ఆ వారం సోమవారం పొద్దున డార్మిటరీ గేటు దగ్గర, పనికి తీసుకెళ్లే లారీ కోసం నిలబడ్డ దాలయ్య, ఛాతీలో ఏదోలా ఉందని గట్టు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. గురువారానికి పెట్టెలో పెట్టి సీలువేసి ఇండియా పంపేశారు. ఊళ్లో ఆ పెట్టె తెరవనివ్వలేదట.

శుక్రవారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది సింహాచలం. దాలయ్య ఊరివాడు, డార్మిటరీలో పక్క మంచం.

"బాబూ, వొచ్చే లచ్చివారం పదకొండో రోజు. నాను రేపు సాయంత్రం నాలుగింటికి ఎలిపోతన్నాను. ఆడి పొటో ఒకటి కావాలి."

"ఇంట్లో ఉండవా?"

"పెళ్లి పొటోలు తుపానుకి పోనాయి. పాసుపోర్టు మీదది తొమ్మిదేళ్ల కిందటిది. పలాసలో టూడియోవోడు పెద్దది సేస్తే బొగ్గులాగొచ్చింది. ఆడి కూతురికి ఆరేళ్లు బాబూ, ఒక్కసారే సూసింది ఆడిని. ఈ నల్లోడెవుడు అనడిగిందట. మీ కాడ కెమేరాలే కదా అన్నీ, ఒక్కటుండదేటి?"

ఒక్కటేమిటి, వందలున్నాయి అన్నాను. ఫోన్ పెట్టేశాక కార్డు గుర్తొచ్చింది.

శనివారం ఏడూ నలభైకి యూ టీలో రైలెక్కాను. జురాంగ్ ఈస్ట్‌లో దిగి ఎదురు ప్లాట్‌ఫామ్ మీద మారితే బూన్ లే చివరి స్టేషను, మొత్తం అరగంట. సెలవురోజు కాబట్టి సీటు దొరుకుతుంది. బస్సుల ఇంటర్‌చేంజ్ పక్క, చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లో రెండు ప్లెయిన్ ప్రాటాలు (మన పరోటాలే), ఒక కోపీ, అంటే కాఫీ, మూడు డాలర్ల లోపే అయ్యాయి. టిష్యూ పేకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసుకున్నాను, అంటే నాదని పట్టుకున్నాను గానీ, కోపీ ఒక్కటే దిగింది. అక్కణ్ణుంచి బస్సులో పావుగంట వెళ్తే ఫ్యాక్టరీల మధ్య, మ్యూజియం వస్తువులు దాచే మా గోడౌన్. మీకు ఇలాంటిచోట శనివారం పని పడితే ఐడీ కార్డు మరిచిపోకండి. గేటు దగ్గర సెక్యూరిటీ మణియం అంకుల్ నన్ను రోజూ చూస్తాడు, అయినా కార్డు చూడందే తలెత్తడు.

"సాటర్డే కూడా ఓటీనా తంబీ?"

"దాలయ్య ఫొటో కోసం అంకుల్."

రిజిస్టర్ నా వైపు తిప్పుతున్న చెయ్యి ఆగింది. "నల్ల మనిషి పా" అన్నాడు తమిళంలో, మంచివాడని. తర్వాత ఎందుకో తానే నా పేరు రాసి, టైము వేశాడు. తొమ్మిదీ పది.

రెండేళ్లలో మేం ఫొటో తీసినవి వెయ్యికి పైనే. పూర్తయిన ఫైళ్లన్నీ తెరిచాను. ఎక్కడా దాలయ్య లేడు. నా పనితనం అలాంటిది. ఒక ఇనప్పెట్టె అంచున మాత్రం, అతని బొటనవేలు తుడిచినచోట బూడిదరంగు కొంచెం మసకగా ఉంది. అది నాకొక్కడికే తెలుస్తుంది. పరీక్ష ఫొటోలు వెతికాను. ఫైలు అప్రూవ్ కాగానే దాని ఒరిజినళ్లు, పరీక్ష ఫొటోలు తీసెయ్యాలని రూలు, డిస్కులో చోటు చాలదు. ఇంకా తీసెయ్యనివి ఈ నెలవి నలభై ఒకటి మిగిలాయి. ఒక్కొక్కటే తెరిచాను. నీలం చొక్కా, కార్డు. గళ్ల చొక్కా, కార్డు. వేలికి కట్టు కట్టుకున్న చెయ్యి, కార్డు. నలభై ఒక్కదానిలోనూ దాలయ్య ఉన్నాడు, మెడ దాకా. ప్రతిదానిలో కార్డు చక్కగా, నేను చెప్పినంత ఎత్తులోనే ఉంది.

అప్పటికి పదకొండున్నర. సింహాచలానికి ఫోన్ చేసి లేదని చెప్పేద్దామని నంబరు నొక్కి, మళ్లీ పెట్టేశాను. ఏం చెప్పాలి? మీవాడి మొహం మీద రెండేళ్లు జోకులేశాను, మొహం మాత్రం తియ్యలేదు అనా?

కొలతలు తప్పొచ్చి అప్రూవ్ కాకుండా ఆగిపోయినవి ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. అందులో ఇత్తడి బిందె కనిపించింది. పాతకాలం కుటుంబం ఒకటి ఇచ్చిన బిందె, అద్దంలా తోమి ఉంటుంది. మెరిసే వస్తువులు మాకు శత్రువులు, ఎదురుగా ఉన్న గదంతా వాటిలో పడుతుంది. అందుకని ఆ రోజు దాలయ్యని కెమెరా పక్కనే నిలబెట్టి, తెల్ల అట్ట వెనక దాక్కోమన్నాను. మొదటి ఫొటో తియ్యబోతుండగానే అట్ట దించాడు.

"దాలయ్యా, నీ మొహం బిందెలో పడింది!"

"పడనీ బాబూ, మునిగిపోడానికి నీళ్లు నేవు కదేటి."

ఇద్దరం పగలబడి నవ్వాం, ఆ నవ్వులోనే బటన్ నొక్కేశాను. భోజనం టైమైందని ఆ ఫొటోనే ఉంచేసుకుని, తర్వాత బిందెలోంచి అతన్ని తుడవడానికి రెండు గంటలు కూర్చున్నాను, తిట్టుకుంటూ.

ఒరిజినల్ తెరిచి, బిందె పొట్ట దగ్గర పెద్దది చేస్తూ పోయాను. ఉన్నాడు. తెల్ల అట్ట పైనుంచి, బుగ్గలు రెండువైపులా సాగిపోయి, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. పక్కనే కెమెరా వెనక వంగి, నోరు తెరుచుకుని నేను.

ఇక రోజూ చేసే పనే, తలకిందులుగా చేశాను. వంపుకి సాగిన బుగ్గల్ని లోపలికి తెచ్చాను. ఇత్తడి పసుపుని, అతని చేతిలో అట్ట మళ్లీ తెల్లగా కనిపించేదాకా తీసేశాను. ఆ తర్వాత బిందెని తుడిచాను. చివరికి నన్ను తుడిచాను. మనిషిని తుడవడంలో నాకు చెయ్యి తిరిగింది కదా, పది నిమిషాలు కూడా పట్టలేదు.

మ్యూజియం బొమ్మ బయటికి తీసుకెళ్తే ఉద్యోగం పోతుంది. అందుకని మా పైఅధికారి మిస్ గోహ్‌కి ఇంటికి ఫోన్ చేశాను. అంతా విన్నారు.

"సారీ లా, కలెక్షన్‌లో వస్తువు బొమ్మ బయటికి ఇవ్వలేం. తెలుసు కదా."

"బొమ్మలో బిందె లేదు మేడమ్. తీసేశాను."

"మరేముంది?"

"దాలయ్య."

"మనుషుల బొమ్మలకి మన దగ్గర రూలే లేదు" అన్నారావిడ. "మనుషులు ఎప్పుడూ లేరు కదా. సరే, తీసుకెళ్లు."

సీడీ మీద రాసుకుని బయటపడేసరికి రెండు దాటింది. జురాంగ్ వెస్ట్‌లో ఫొటో షాపులు చాలానే ఉన్నాయి. పెద్ద సైజు ప్రింటు, నల్ల ఫ్రేముతో కలిపి పద్దెనిమిది డాలర్లు, ముప్పావుగంట. షాపు ఆంటీ ఫ్రేము తుడుస్తూ "నైస్ స్మైల్" అంది. మూడూ ఇరవై అయింది. బస్సు కోసం చూస్తే కుదరదని టాక్సీ ఎక్కాను. మీరూ అదే చెయ్యండి, డార్మిటరీల వైపు బస్సులు తక్కువ, లోపలికి నడక ఎక్కువ.

డ్రైవర్ అంకుల్ అద్దంలోంచి చూసి "ఐటీ ఆ?" అన్నాడు.

"కాదంకుల్. మ్యూజియం. పాత సామాన్లకి ఫొటోలు తీస్తాను."

"ఓ." నా ఒళ్లో ఫ్రేము వైపు చూశాడు. "ఎవరు? బ్రదరా?"

"కొలీగ్" అన్నాను. దాలయ్యని ఆ మాట అనడం అదే మొదటిసారి.

సింహాచలం గేటు దగ్గరే ఉన్నాడు. ఒక సంచి, టేపు చుట్టిన అట్టపెట్టె. ఆ పెట్టెలో దాలయ్య బట్టలు, దుప్పటి, కూతురికని ముందే కొనిపెట్టిన బొమ్మ ఉన్నాయని చెప్పాడు. ఫ్రేము రెండు చేతులతో అందుకుని ఎండకి తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాను, అంత దరిద్రుణ్ణి.

"ఆడే" అన్నాడు. తర్వాత ఫ్రేముని దగ్గరికి తెచ్చుకున్నాడు. "బాబూ, జీడితోటలో కొమ్మ గుచ్చుకున్న మచ్చ కుడి కనుబొమ మీద గదా. ఇందులో ఎడంపక్కకొచ్చిందేటి?"

బిందెలో పడింది ప్రతిబింబం. కుడి ఎడమైపోతుంది. తిప్పడానికి కంప్యూటర్లో ఒక్క నొక్కు చాలు. కెమెరా పట్టిన మొదటి వారంలో నేర్పే సంగతి. ప్రతి రంగూ, ప్రతి వంపూ సరిచేసి, అది మరిచిపోయాను. మూడూ నలభై. షాపుకి వెళ్లి మళ్లీ ప్రింటు వేయించుకు రావడానికి గంటన్నర. ఎయిర్‌పోర్టుకి వెళ్లే వ్యాను అప్పటికే మలుపు తిరుగుతోంది.

సింహాచలానికి తిప్పలు పడి చెప్పాను. అతను విని తలూపాడు.

"ఆడు గెడ్డం గీసుకున్నప్పుడు అద్దంలో ఇలాగే అగుపడేవోడు గదా. ఆడెరిగున్న మొకమే ఇది. ఎట్టుకెలిపోతాను బాబూ." ఫ్రేముని సంచిలోంచి తీసిన తన లుంగీలో చుట్టి, పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో రాయదగ్గ విశేషాలేవీ లేవు. బూన్ లే నుంచి యూ టీ, అదే అరగంట.

గురువారం మధ్యాహ్నం సింహాచలం ఊరినుంచి ఫోన్ చేశాడు. గోడకి పెట్టి దండ వేశారట. ఫొటో బాగుందని అంతా అన్నారట. దాలయ్య భార్య మచ్చ సంగతి ఎత్తలేదట.

"ఒకటే అడుగుతంది బాబూ. ఇంత నవ్వు నవ్వతన్నాడు, ఎవుల్ని సూసి అని. నాను అప్పుడక్కడ లేను గదా. ఏటి సెప్పమంటావ్?"

అది చెప్పగలిగే సాక్ష్యాన్ని నేనే పది నిమిషాల్లో తుడిచేశాను. "నన్ను చూసి అని చెప్పు" అన్నాను. అవతల అతను ఆ మాట ఆవిడకి చెప్పడం వినిపించింది. ఆవిడేమందో వినిపించలేదు.

వస్తువులు వందేళ్లు నిలవాలని ఇక్కడ చల్లటి గదులు కట్టారు. ఈ రెండేళ్లూ ఆ గదుల్లోకి వాటిని మోసుకొచ్చినవాడు, ఎవరూ లేని చక్కని బొమ్మల్లో ఉన్నాడు, నేను శుభ్రం చేసినచోట. ఈ వారం సోమవారమే బిందె కొలతలు తేలి ఫైలు అప్రూవ్ అయింది. రూలు ప్రకారం ఒరిజినల్ తీసెయ్యాలి. తియ్యలేదు. మిస్ గోహ్‌కి తెలుగు రాదు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. అందులో బిందె ఉంది, దాలయ్య ఉన్నాడు, నేనున్నాను. సరిగ్గా తిప్పి, మచ్చ కుడివైపుకి వచ్చేలా ప్రింటు వేయించి, ఈసారి ఎవర్నీ తుడవకుండా పోస్టులో పంపుతున్నాను.

ఈ దారిన వెళ్లబోయేవాళ్లకి ఒక్క సూచన. పనిచోట మీ పక్కన నిలబడే మనిషిని రేపు పొద్దున, వెలుతురు బాగున్నప్పుడు, ఎదురుగా నిలబెట్టి ఒక ఫొటో తీసి, ప్రింటు వేయించి వాళ్లింటికి పంపండి. చేతిలో కార్డులాంటిదేమైనా ఉంటే దించమనండి.