అమ్మగారు ఫోనెత్తేదాకా

ఆ వీధిలో గౌన్లు కుట్టే ఆమెను అందరూ కంగారక్క అనేవాళ్లు. కుట్టులో మాత్రం ఏ కంగారూ లేదు. ఆమె వేసిన కుట్టు విప్పాలంటే గుడ్డ చిరగాల్సిందే. కంగారంతా ఒక్క విషయంలోనే. ప్రభువు మళ్లీ వస్తాడు, నమ్మినవాళ్లందరినీ పరలోకానికి తీసుకెళ్తాడు, తనను మాత్రం మిషన్ దగ్గరే వదిలేస్తాడు. చిన్నప్పుడెప్పుడో చర్చిలో ఒక ప్రసంగీకుడు బల్ల గుద్ది చెప్పిన మాట ఆమె గుండెల్లో తిష్ఠ వేసుకుని కూర్చుంది.

దానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. ఉరిమినా, ఇల్లు ఉన్నట్టుండి సద్దుమణిగినా పాస్టరుగారి భార్యకు ఫోను చేసేది. సంఘంలో అందరూ ఆవిడను అమ్మగారు అంటారు. అలా పైకి ఎత్తబడేవాళ్లలో అమ్మగారు మొదటి వరసలో ఉంటుందని కంగారక్క లెక్క. అవతల "హలో" వినపడిందంటే ప్రభువు ఇంకా రానట్టే. "ఏం లేదమ్మగారూ, ఊరికే" అని పెట్టేసి మళ్లీ మిషన్ తొక్కేది. పదకొండేళ్లుగా ఇదే తంతు.

ఒక మధ్యాహ్నం ఆకాశం దద్దరిల్లేలా ఉరిమింది. కంగారక్క తలెత్తి చూస్తే ముందుగదిలో బైబిలు చదువుతున్న అత్తగారు లేదు. కుర్చీ ఖాళీ. తెరిచిన బైబిలు మీద కళ్లజోడు. గుమ్మం దగ్గర చెప్పులు. కప్పులో టీ ఇంకా పొగలు కక్కుతోంది.

కంగారక్క ఫోను అందుకుంది. అమ్మగారికి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మూడుసార్లు చేసినా అంతే. సండేస్కూలు టీచరమ్మ కూడా ఎత్తలేదు. వరసలో కిందికి దిగి దిగి చివరికి పాటల బృందం పెద్దాయనకు చేసింది. మొదటి రింగుకే ఎత్తాడు. ఆయన నోటికి జడిసి ముగ్గురు పాడటమే మానేశారు. అలాంటాయన ఇక్కడే ఉండటం ఊరటగా తీసుకోవాలో, ప్రభువు వచ్చి వెళ్లిపోయాడనడానికి సాక్ష్యంగా తీసుకోవాలో ఆమెకు పాలుపోలేదు.

"రేపు ఇస్తా, రేపు ఇస్తా" అని ఎంతమందిని తిప్పుకుందో అంతా గుర్తొచ్చింది. కనీసం ఒక అబద్ధమైనా తగ్గుతుందని, మూడు వారాలుగా మూలపడేసిన గౌను తీసి ఏడుస్తూ అంచు కుట్టడం మొదలుపెట్టింది.

అంచు సగమయ్యేసరికి తలుపు తోసుకుని తడిసి ముద్దైన అత్తగారు, ఆమె వెనకే అమ్మగారు లోపలికొచ్చారు. ఇద్దరి చేతుల్లోనూ దుప్పట్లు.

"ఉరిమితే మేడ మీది బట్టలు తేవాలని తెలీదా?" అంది అత్తగారు. "చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. ఈవిడ దారిలో పోతూ చూసి సాయానికొచ్చింది కాబట్టి సరిపోయింది."

కంగారక్క అమ్మగారి చెయ్యి పట్టుకుని భోరుమంది. "మీరు ఫోనెత్తలేదమ్మగారూ. వెళ్లిపోయారనుకున్నాను."

"ఫోను ఇంట్లో మర్చిపోయొచ్చాను." అమ్మగారు కుర్చీలో కూలబడింది. "నువ్వెందుకు ఫోను చేస్తావో నాకు తెలీదనుకున్నావా? నా మీద అంత నమ్మకం పెట్టుకోకు తల్లీ. నిన్నటినుంచి మా ఆయనతో నాకు మాటల్లేవు. మంచితనం చూసి తీసుకెళ్లేటట్టయితే నేనూ నీతోపాటే ఉండిపోతాను. ప్రభువు మనకోసం ప్రాణం పెట్టాడు కాబట్టి పోతాం. నేనైనా అంతే, నువ్వైనా అంతే."

కంగారక్క ముక్కు తుడుచుకుంది.

"మీ ఆయన లారీ తోలుతాడు కదా, ఎప్పుడొస్తాడో చెప్పే వస్తాడా?" అనడిగింది అమ్మగారు.

"ఎక్కడండీ. ఏ పూటైనా ఊడిపడతాడు."

"ఇల్లు సర్దలేదే, వచ్చేస్తాడేమో అని వణుకుతావా మరి?"

"వణకడమెందుకండీ, మా ఆయనే కదా. హారన్ వినపడితే ఉన్నపళంగా గుమ్మంలోకి పరుగెత్తి..." అంటూ ఆగిపోయింది కంగారక్క.

అమ్మగారు లేచింది. అత్తగారి టీ తీసుకుని తాగేసి వెళ్లిపోయింది.

వారం తర్వాత మళ్లీ ఉరిమింది. కంగారక్క చెయ్యి అలవాటుగా ఫోను మీదికి పోయి ఆగింది. భయం పూర్తిగా పోలేదు. అయినా లేచి, మెడలో టేపుతోనే గుమ్మంలోకి పరుగెత్తి ఆకాశం కేసి చూసింది.

"ఎవరే వచ్చింది?" అని అత్తగారు లోపలినుంచి అడిగింది.

"ఇంకా రాలేదత్తయ్యా," అంది కంగారక్క. ఆ మాట అంటున్నప్పుడు తనకు కాస్త నిరాశ కలగడం చూసి ఆమే ఆశ్చర్యపోయింది.