చింతపూల కోటు

ఫిబ్రవరి చివరి గురువారం పొద్దున ఆరూ పదికి మా వీధి కుళాయికి నీళ్ళొచ్చాయి. మదనపల్లెలో నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పలేం కాబట్టి వచ్చినప్పుడల్లా గడియారం చూసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు మొదటి బకెట్టు వంటకు పట్టలేదు. దాంట్లో గుప్పెడు రాళ్ళుప్పు వేసి, రెండున్నర మీటర్ల పూలగుడ్డను, రెండు దిండు గలీబులను నానేశాను. నూలుగుడ్డను నానేసి ఆరబెట్టాకే కత్తెర పెట్టాలి. లేకపోతే కుట్టినదంతా మొదటి ఉతుకుకే కుంచించుకుపోతుంది. మా చెల్లెలు ఈ మాట వీధిలో ప్రతి ఆడమనిషికీ చెప్పేది, ఎవరూ వినేవాళ్ళు కాదు.

అప్పటికి ఆమె పోయి ఏడు నెలలు. మావైపు ఇంట్లో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా పండగ చెయ్యరు, కొత్త గుడ్డ కట్టరు. దాన్ని ఏటిసూతకం అంటారు. సంవత్సరీకం జరిగిన రోజుతో అది తీరుతుంది. నేను అంతదాకా ఆగదలచుకోలేదు. ఉగాదికి ముందే ఆ గుడ్డతో కోటు కుట్టి, పండగ పొద్దున తొడుక్కుని వీధిలోకి వెళ్ళాలనుకున్నాను. అలా చేస్తే నాకు ఏం పోతుందో మా అన్న అప్పటికే చెప్పాడు.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నాకు పెళ్ళి కాలేదు, ఆమె పెళ్ళి నిలవలేదు. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఆమె ముందుగదిలో తొక్కుడు మిషన్ పెట్టుకుని ముప్పై ఏళ్ళు రవికలు కుట్టింది. ఉగాది వస్తోందంటే ఆ గదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. పండగ రోజు వీధిలో అందరి ఒంటిమీదా ఆమె కుట్టిన కొత్త గుడ్డే ఉండేది. ఆమె మాత్రం పాత చీర కట్టుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయేది.

ఆ గుడ్డను పుంగనూరులో ఒక కట్ పీసుల అంగట్లో కొన్నది. బూడిద కలిసిన నీలం, దాని మీద లేతపసుపు పూలు, పూల రేకుల్లో సన్నటి ఎర్ర గీతలు. మూడున్నర మీటర్లు. ఇంటికొచ్చి నా ముందు పరిచింది.

"ఇవేం పూలో సెప్పు సూద్దాం," అంది.

"ఏవో పూలు."

"అన్ని పుస్తకాలు సదివినావు, చింతపూలు కానరాలేదా నీకు?"

గీసినవాడు చింతచెట్టును చూశాడో లేదో నాకు తెలియదు. కానీ ఆమె చెప్పాక నాకు కూడా అవి వేరే పూలలాగా కనబడలేదు.

"ఇది నాకే అక్కా. కోటు కుట్టుకుంటా. గుండీలొద్దు, నడుం పట్టొద్దు. వదులుగా ఉండల్ల. మాఘంలో పొద్దున్నే ఏసుకుని, ఎండెక్కినాక తీసేసేదానికి."

జీవితమంతా ఇతరుల ఒళ్ళు కొలిచి, అర అంగుళం తేడా వస్తే మాటలు పడిన మనిషి తనకోసం ఒంటికి తగలని బట్ట కోరుకుంది. నేను గ్రంథాలయంలో తీసేసిన పాత పేపర్లు తెచ్చిపెడితే వాటిమీద కోటు ముక్కలు గీసి కత్తిరించి పెట్టుకుంది. గుడ్డకు మాత్రం కత్తెర పెట్టలేదు. చేతిలో పని తీరనీ అనేది. శ్రావణంలో జ్వరం వచ్చి, ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండి, పోయింది.

పదకొండో రోజు పెట్టె సర్దింది మా వదిన. ఆమె, మా అన్న కుప్పంలో ఉంటారు. కట్టిన చీరలు చాకలామెకు ఇచ్చింది. ఈ గుడ్డ మాత్రం కొత్తది గదా, ఊరికే పోనీయడం యాల అని తన సంచిలో పెట్టుకుంది. అప్పుడు నేను గోడకు ఆనుకుని కూర్చుని చూస్తూ ఉన్నాను. నోరు తెరవలేదు. తర్వాత ఆరు నెలలు నన్ను బాధపెట్టింది అదే.

ఫిబ్రవరి మధ్యలో ఒకరోజు కుప్పం బస్సెక్కాను. మా వదిన వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తూ ఉంది.

"ఏమ్మా, సెప్పకుండా వచ్చినావే? బాగుండావా?"

"బాగుండా వదినా. చెల్లెలి గుడ్డ తీసకపోదామని వచ్చినా."

"ఏ గుడ్డ?"

"చింతపూల గుడ్డ."

ఆమె లోపలి మంచం వైపు గడ్డం ఎత్తి చూపింది. రెండు దిండ్లకు చింతపూల గలీబులు తొడిగి ఉన్నాయి.

"మిగిలింది బీరువాలో ఉండాది. కిటికీలకు కడదామని అనుకుంటాండా. నీకేం పనిబడిందిప్పుడు?"

"కోటు కుట్టుకుంటా."

"కోటా? నువ్వేమన్నా కలెక్టరమ్మవా? అరవై దాటినాక పూలకోటంట! సూసినోళ్ళు నవ్వరా?"

"నవ్వనీ."

"ఏడాది తిరగల్యా గదమ్మా. కొత్త గుడ్డ ఒంటిమీద ఏసుకుంటే ఇంటికి మంచిది గాదు."

"దిండుకు ఏస్తే మంచిదా?"

"దిండుకేం సూతకం? అది మనిషా?"

 మంచం మీద కూర్చుని ఒక దిండు గలీబు ఊడదీశాను. తర్వాత రెండోది.

"ఏందది! ఏం చేస్తాండావు? ఏమయ్యా, నీ చెల్లెలు సూడు, దిండ్లు గుంజుకుంటాండాది!"

"దిండ్లు నీవే వదినా. ఈడనే పెట్టినా."

మా అన్న కుర్చీలో నుంచి లేవలేదు. భార్యను బీరువా తియ్యమన్నాడు. ఆమె గుడ్డ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. అప్పుడాయన నాతో అన్నాడు.

"తీసకపో. దానికేం లేదు. సంవత్సరీకం దాకా మడిచి పెట్టు. అది కాకముందే ఒంటిమీద ఏసుకున్నావంటే, సంవత్సరీకం పొద్దు నా గడప తొక్కొద్దు."

ఆయన కోపంగా చెప్పలేదు. మా నాన్న పోయినప్పుడు ఆయన ఏడాది పాటు చెప్పులు కూడా కొత్తవి కొనలేదు. ఆయన నమ్మేది ఆయన నమ్ముతాడు. చెల్లెలి సంవత్సరీకం ఆయన ఇంట్లోనే జరుగుతుంది, ఆయన చేతులమీదుగానే జరుగుతుంది. కోటు వేసుకుంటే నేను ఆమె సంవత్సరీకంలో ఉండను. ఇది తెలిసే గుడ్డను సంచిలో పెట్టుకున్నాను.

వచ్చేటప్పుడు పుంగనూరులో దిగాను. నా చెల్లెలికి పని నేర్పిన టైలరు మాస్టరు అంగడి బస్టాండుకు దగ్గరే. నేను కాజాలు, హుక్కులు కుట్టగలను, మిషన్ మీద నేరుగా కుట్టు వెయ్యగలను. కత్తిరించడం ఎప్పుడూ చెయ్యలేదు. ఆయన కత్తిరించి ఇస్తే చాలనుకున్నాను.

"నా దెగ్గిర నేర్సుకున్నోళ్ళల్లో ఆ బిడ్డ మాదిరి కాజా కుట్టినోళ్ళు లేరమ్మా," అన్నాడు. గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూశాడు. బాగుందన్నాడు. ఎవరిదో చెప్పాను. వెంటనే బల్ల మీద నుంచి తీసి నా చేతికిచ్చాడు.

"నా కత్తెర పెట్టనమ్మా. సూడు, అన్నీ పెండ్లి గుడ్డలు. వాటి పక్కన సూతకం గుడ్డ కోస్తే బాగుండదు. ఐదు నెలలు ఆగితే ఏం పోతాది?"

"చలి పోతాది మాస్టరూ."

ఆయన నవ్వలేదు.

"అయితే నేనే కోసుకుంటా," అన్నాను.

"నువ్వా? పుస్తకానికి అట్ట ఏసినట్టు అనుకున్నావా?" అన్నాడు. కానీ గుడ్డ పాడవుతుందంటే ఆయనకు ఓర్పు లేదు. నేను మెట్టు దిగుతుంటే వెనక నుంచి చెప్పాడు. "నానేసి ఆరబెట్టు. అంచుకు నేరుగా పేపరు పెట్టు. పువ్వు పైకి సూడల్ల. ఆ ఒక్కటి మాత్రం మర్సిపోవద్దు."

నానేసేటప్పుడు గుడ్డ తిరగవేపున సుద్దతో గీసిన బాణం గుర్తు కనబడింది. అంగడివాళ్ళ గుర్తు అనుకున్నాను. నీళ్ళల్లో పోయింది.

మధ్యాహ్నానికి గుడ్డ ఆరింది. నేలమీద పరిచి, మా చెల్లెలి పేపరు ముక్కల్లో అన్నిటికంటే పెద్దదాన్ని తీశాను. వీపు ముక్క. మాస్టరు చెప్పినట్టు పూలు పైకి ఉండేలా గుడ్డను తిప్పుకుని, పేపరు పెట్టి కత్తిరించాను.  ముక్క బాగా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, ముందు భాగానికి గీసిన పేపరు మడత విప్పాను. మడత లోపల పెన్సిలుతో ఆమె రాసుకున్నది ఉంది.

"పూలు కిందికి. చింతపూలు వేలాడతాయి."

బాణం ఆమెదే. చెట్టుకు చింతపూలు ఎట్లా ఉంటాయో అట్లాగే ఉండాలని ముందే గుర్తు పెట్టుకుంది. గురువు చెప్పిన ఒక్క నియమాన్ని తన బట్టలో తను పక్కన పెట్టింది. నేనేమో ఆమె గుడ్డకు కత్తెర పెట్టనన్న మనిషి మాట విని, ఆమె బాణాన్ని ఉప్పునీళ్ళలో కడిగేశాను.

ఇంకో వీపు ముక్కకు గుడ్డ లేదు. గలీబులకు పోయిన మీటరు ఉంటే సరిపోయేది. వాటిని విప్పి చూశాను, చాలలేదు. ఇక రెండు దారులున్నాయి. ముందు భాగాలు కూడా పూలు పైకి పెట్టి కోస్తే కోటంతా ఒక తీరుగా ఉంటుంది, చూసినవాళ్ళకు తప్పు కనబడదు. ఆమె రాసినట్టు కోస్తే వీపు ఒక దిక్కు, ముందు ఒక దిక్కు. మిగిలిన ముక్కలన్నీ ఆమె రాసినట్టే కోశాను. చేతులు కూడా. జేబులు రెండూ గలీబుల్లోంచి తీశాను.

కుట్టడానికి తొమ్మిది రోజులు పట్టింది. మెడపట్టీ మూడుసార్లు విప్పాను. ఆమె కూర్చునే స్టూలు నాకు ఎత్తు చాలదు, కింద రెండు పాత నిఘంటువులు పెట్టుకున్నాను. ఆ తొమ్మిది రోజుల్లో ఒకరోజు ఏడ్చాను, ఎప్పుడంటే బాబిన్‌లో ఆమె చుట్టిన దారం అయిపోయినప్పుడు. అది తప్ప పని బాగానే సాగింది.

ఉగాది పొద్దున కోటు తొడుక్కుని వేపపూతకు బయలుదేరాను. ఎదురింటామె ముగ్గు వేస్తూ తలెత్తింది. ఆమె రవికలన్నీ మా చెల్లెలు కుట్టినవే.

"ఏందక్కా, కొత్త గుడ్డేనా అది?"

"కొత్తదే."

"మీకు... ఏడాది తిరగల్యా గదా?"

"తిరగల్యా."

ఆమె ముగ్గుచిప్ప కింద పెట్టింది. నన్ను పైనుంచి కింది దాకా చూసింది. నేను దాటిపోయాక వెనక నుంచి కేకేసింది. "అక్కా, ఈపున పూలు ఒక మాదిరి, ముందర ఒక మాదిరి ఉండాయే!"

"ఉండాయి," అన్నాను, ఆగకుండా.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. రెండు రోజుల్లో కుప్పానికి తెలిసింది. అన్న ఫోన్ చెయ్యలేదు. తను చెప్పాల్సింది ముందే చెప్పాడు.

శ్రావణంలో సంవత్సరీకం రోజున కుప్పం వెళ్ళాను. కోటు తొడుక్కునే వెళ్ళాను. అప్పటికి అది చాలాసార్లు ఉతికిన కోటు. అయినా ఆయన మాట ఆయన మాటే, నా కోటు నా కోటే. సన్నగా తుంపర పడుతోంది. గడప తొక్కలేదు. వీధి అరుగు మీద నిలబడ్డాను. లోపల పురోహితుడి గొంతు వినిపిస్తోంది, మా చెల్లెలి పేరు చెప్పినప్పుడు కూడా వినిపించింది. వదిన బయటికొచ్చింది.

"జల్లు కొడతాండాది, ఆడ యాల నిలబడుకోనుండావు?"

"అన్న తొక్కొద్దన్నాడు గదా."

"ఐదు నిమిషాల పనమ్మా. తీసి సంచిలో పెట్టు, లోపలికి రా. ఎవురు సూస్తారు?"

"తీయను వదినా."

ఆమె దగ్గరికొచ్చి జేబు పట్టుకుని చూసింది. "ఇది నా గలీబు."

"అవును."

"వానకు రంగు పోతాదేమో."

"పోదు. నానేసి కుట్టినా."

ఆమె కుట్టును తిరగేసి చూసింది. లోపలికి పోయింది. నా ఆకు అరుగు మీదికే వచ్చింది. వడ్డించింది మా అన్న. రమ్మనలేదు, పొమ్మనలేదు. రెండోసారి అన్నం పెట్టబోతే చాలన్నాను. ఆయన కళ్ళు ఒకసారి కోటు మీద ఆగాయి. తర్వాత నీళ్ళగ్లాసు పెట్టి వెళ్ళాడు. నా చెల్లెలి సంవత్సరీకం భోజనం నేను అరుగు మీద, ఆమె కోటులో తిన్నాను.

అక్కడ కూర్చోవడం నాకు తేలిక కాలేదు. మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అక్కడే కూర్చుంటాను.

ఇంటికొచ్చి కోటును కొక్కేనికి తగిలించాను. మిషన్‌కు నూనె వేశాను. నేను పోయాక నా గుడ్డలు ఎవరెవరికి ఇవ్వాలో ఒక కాగితం మీద రాసి, ఆ వారమే వాటిని కట్టుకోవాలని కూడా రాసి బీరువా తలుపు లోపల అంటించాను. ఈ ఇంట్లో ఏటిసూతకం పట్టడం లేదు.