గేటు పక్క గ్రీన్ మీద మంచు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. నాచారంలో మా చిన్న గోల్ఫ్ మైదానానికి గడ్డి సూపర్‌వైజర్‌గా చేరాక అది దిగిందే లేదు. కారణం గేటు పక్కనున్న గ్రీన్. గ్రీన్ అంటే, బంతి దొర్లుకుంటూ పోయి గుంతలో పడేందుకు జెండా చుట్టూ నున్నగా కత్తిరించి పెంచే గడ్డి. పసిపిల్ల జుట్టులా చూసుకోవాలి దాన్ని.

పొద్దున పూట వాకింగ్‌కు గేటు తెరిచి ఉంచేవాళ్లం. హబ్సిగూడ నుంచీ చుట్టుపక్కల కాలనీల నుంచీ వచ్చే రిటైరైన పెద్దమనుషులు చెప్పులు చేతబట్టుకుని నేరుగా ఆ గ్రీన్ ఎక్కేవాళ్లు. మంచు పడ్డ గడ్డి మీద వట్టి కాళ్లతో నడిస్తే కంటిచూపు బాగుపడుతుందట. వాళ్లు నడిచిన దారంతా గడ్డి అణగారిపోయింది. తడి పాదాలతో తెగులు పాకి పసుపు మచ్చలు పడ్డాయి. చలికాలం పోటీల నాటికి బాగుపడకపోతే తవ్వేసి ప్లాస్టిక్ గడ్డి పరిపిస్తామని క్లబ్బువాళ్లు తేల్చి చెప్పారు. నా ఒళ్లు మండిపోయింది. నేనుండగా ప్లాస్టిక్కా?

బోర్డు పెట్టాను. దానికి చేతిసంచులు తగిలించారు. తాడు కట్టాను, దాటారు. చివరికి పోట్లాడాను. వాళ్లందరికీ పెద్ద దిక్కు, రైల్వేలో చేసి రిటైరైన ఒకాయన, నా కేకలన్నీ ఓపిగ్గా విన్నాడు.

"బిడ్డా, గింత కోపమైతే బీపీ వస్తది. నువ్వు గూడ చెప్పులిడిసి జర నడువు" అన్నాడు.

ఆ రోజంతా రుసరుసలాడుతూనే ఉన్నాను. ఇంటికి పోతూ ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు తట్టింది. వాళ్లు వచ్చేది మంచు కోసం గదా!

మర్నాడు వాళ్ల కంటే ముందే వచ్చి, పొడవాటి సన్నని వెదురు కర్రతో గ్రీన్ మీది మంచంతా దులిపేశాను. తెగులుకూ అదే మందు, తడి లేకపోతే అంత తొందరగా పాకదు. ప్రహరీ పక్కనున్న మామూలు గడ్డి జోలికి మాత్రం పోలేదు. పెద్దాయన వచ్చి, కాలు మోపి, అరికాలు చూసుకున్నాడు. పొడిగా ఉంది. నా వైపు ఒక చూపు చూసి, దండునంతా ప్రహరీ వైపు నడిపించుకుపోయాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

రోజూ అదే పని. మెల్లగా మచ్చలు మానాయి, కొత్త చిగురు కమ్ముకుంది. పోటీల రోజు మొదటి బంతి సరిగ్గా ఆ పాత కాలిబాట మీదుగానే, ఎక్కడా తడబడకుండా దొర్లి గుంతలో పడింది. చప్పట్లు మోగాయి. ఆటగాడు చెయ్యి ఊపాడు గానీ, ఆ చప్పట్లు నావే అనుకున్నాను. ప్లాస్టిక్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ మర్నాడు ఎవరో కొత్తాయన చెప్పులు విడిచి గ్రీన్ ఎక్కబోయాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దాయన గొంతు వినబడింది.

"గది తొక్కకు అన్నా. మా బిడ్డ పెంచిన గడ్డి. ఇటు రా."