చెంప మేస్త్రి, మైనపు గోడ

ముప్పై ఏళ్లుగా గోడలకు ప్లాస్టరింగ్ చేస్తున్న ఆ పెద్దాయనను అందరూ చెంప మేస్త్రి అంటారు. పని పూర్తయిన ప్రతి గోడకూ చెంప ఆనించి చూస్తే తప్ప ఆయన మనసు కుదుటపడదు.

ఈసారి ఒక ఇంట్లో గదికి పూయమని ఇంజినీరు తెచ్చిన ప్లాస్టర్‌లో మైనపు గింజలున్నాయి. పగటి వేడికి మైనం కరుగుతూ ఆ వేడిని తనలోనే దాచుకుంటుందట, గది చల్లగా ఉంటుందట.

"గోడకి మైనం తినిపించడమేంటి, విడ్డూరం కాకపోతే!" అని సణుగుతూనే మేస్త్రి అద్దంలా నున్నగా పూసి వెళ్లాడు.

మొదటిరోజు గది హాయిగానే ఉంది. రెండోరోజు నుంచి కుంపటే. ఇంటావిడ కబురు పెడితే మేస్త్రి పొద్దున్నే వచ్చి చెంప ఆనించాడు. గోడ ఇంకా వెచ్చగానే ఉంది.

"నిన్నటి వేడి దిగనేలేదమ్మా. రాత్రి కిటికీలు తియ్యలేదా?"

"భలేవారే! కొత్త గోడకి గాలి తగిలితే పగుళ్లొస్తాయి, నెల దాకా కిటికీలు తియ్యొద్దని చెప్పింది మీరు కాదూ?"

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. ప్రతి ఇంట్లోనూ ఆయన చెప్పే మాటే అది.

"చల్లగాలి తగిలితేనే కదమ్మా మైనం మళ్లీ గట్టిపడేది! పగలంతా మోసింది రాత్రికైనా దించుకోవద్దూ? ఇవాళ్టి నుంచి బార్లా తెరవండి."

మర్నాడు ఎండ నిప్పులు చెరుగుతున్న వేళ మేస్త్రి మళ్లీ వచ్చి, గోడకు చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ కదలడే!

"ఏం మేస్త్రీ, గోడ బాగున్నట్టేనా?" అంది ఇంటావిడ.

"ఉండండమ్మా, రెండో చెంపతో కూడా చూడాలి."